పెన్సిలు గీతలు

నలభై రెండు పద్యాలు ఉండె ఈ నాటకంలో.
పదకొండు మిగిలినాయి.
కొట్టేసింది నేనే, పెన్సిలుతో,
మెల్లిగా గీసినాను,
రేపు ఎవురన్నా రబ్బరు తెచ్చుకుంటారేమో అని.

డైరెక్టరు పిల్లోడు గిరింపేట వాడే. మంచోడు.
"గంటా పది నిమిషాలు మామా, అంతే.
ఆ పైన జనం ఫోను తీస్తారు" అన్నాడు.
మా కాలంలో తెల్లార్లూ ఆడేవాళ్లం అని నేను అనలేదు.
తెల్లార్లూ జనం కూడా మేలుకోలేదు లే,
వేలం సీనుకు లేపమని పక్కనోళ్లకు చెప్పి
దుప్పటి కప్పుకునేవాళ్లు.

రాజు వేషం చెంగల్రాయుడిది. డెబ్బై ఒకటి.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
ముప్పై సీజన్లు కాటా లెక్కలు రాసిన చెయ్యి.
రాగం ఒక్క ఊపిరికి మించకూడదన్నారు.
"ఎవురి ఊపిరి? నాదా, నీదా?" అన్నాడు.
కిరీటం వద్దన్నారు.
దానికి మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

రాణి, ఢిల్లీరాణి.
పగలు గాంధీ రోడ్డులో బంగారం తాకట్టు కౌంటరు,
ఆరు దాటినాక రిహార్సలు.
వేళ్లకు గీటురాయి నలుపు అట్నే ఉంటుంది.

ఆ రోజు చిత్తూరు కళాక్షేత్రంలో
ముందు మూడు వరసలు కాలేజీ పిల్లలు,
వెనకాల పాత నాటకాలోళ్లు,
తెర లేవకముందే విసుక్కుంటా.
నేను పక్కతెర చాటున,
పుస్తకం చేతిలో, వేలు వరస మీద.

వేలం సీను.
అప్పు కింద రాణిని అంగట్లో నిలబెట్టినాడు రాజు.
ఈడ ఆమెకొక పద్యం ఉండె, కొట్టేసినాము.
తల వంచుకోవాలి, లైటు తగ్గాలి, అంతే.

ఆమె తల వంచలేదు.
మెడలో గిల్టు హారం తీసి
అరచేతిలో ఎగరేసి తూచింది.
రాజును చూసి,
రోజూ కౌంటర్లో అడిగే గొంతుతోనే,
"నన్ను ఎన్ని గ్రాములకు రాసుకోమంటారు?" అనింది.

పుస్తకంలో ఆ మాట లేదు.
చెంగల్రాయుడు నా పక్క చూసినాడు.
నలభై ఏండ్లలో మొదటిసారి
అందించను నా దగ్గర ఏమీ లేదు.
నోరు తెరిచినాడు. ఊపిరి తీసుకున్నాడు.
పాడలేదు.
ఆ ఒక్క ఊపిరి హాలంతా వినింది.
మూడో వరసలో ఒక ఫోను వెలిగి,
వెంటనే బోర్లా పడుకునింది.
వన్స్ మోరు అనలేదు ఎవురూ.

మేకప్పు గదిలో
కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటా
అద్దం ముందర ఎత్తుకున్నాడు చెంగల్రాయుడు,
నేను కొట్టేసిన ఆ రాణి పద్యమే,
రాగం ఎంత లాగాలో అంతా లాగి.
హార్మోనియం అప్పటికే ఆటో ఎక్కిపోయింది.
గోడ ఫ్యాను కిరకిరే శ్రుతి.
జడపిన్నులు పండ్ల మధ్య కరచుకొని
ఢిల్లీరాణి ఏదో అనింది, నాకు సరిగ్గా వినపళ్లేదు.
ఆయనకు వినపడినట్టుంది, మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు.

డైరెక్టరు పిల్లోడు వాకిట్లో నిలబడి
"మామా, ఆ పెన్సిలు ఒకసారి ఇట్లియ్యి" అన్నాడు.
ఏం రాస్తాడో, ఏం కొడతాడో.
నేనింకా ఇయ్యలేదు.