ఫస్టు గేరు

పెంచలకోనకు మొక్కుకుని
చెంచులక్ష్మి అని పేరు పెట్టుకున్నాం.
కొండలెక్కి తిరిగిన తల్లి పేరు.
పెట్టి, మూడు మెట్లు ఎక్కనీలా.

నాలుగో ఏట దాని గుండెలో చిల్లు పూడ్చారు.
"ఈ ఆర్నెల్లు పరిగెత్తనీబాకండి" అన్నాడు డాక్టరు.
ఆర్నెల్లకిచ్చిన మాటని
మేం పదకొండేళ్లు వాడుకున్నాం.

బళ్లో ఆటల గంట కొడితే
పిల్లకాయలందరి చెప్పులకీ నా బిడ్డే కాపలా.
ఇంటికొస్తే
గుండెకి బలమని వాళ్లవ్వ పోసే నెయ్యి,
ఏడవబాకని మైసూరుపాకు,
ఆటో కట్టేసి వస్తా నేను తెచ్చే
రెండు ఎగ్ పఫ్‌లు.
మా భయాన్నే ముద్దలు చేసి పెడతుండామని
ఎవురికి తెలుసు?

నెల్లూరులో కొత్త డాక్టరమ్మ
కాయితాలన్నీ తిరగేసి
నన్నొదిలి దాన్ని అడిగింది:
"నీకేం చేయాలనుంది?"
నేను గొంతు సవరించుకునే లోపల
అది చెప్పేసింది:
"చెప్పులు కాయకుండా ఉండాలని."

"అయితే నడువు.
మాట్లాడతా నడవగలిగినంత జోరు చాలు.
తల తిరిగితే కూర్చో. నాకు చెప్పు."

తెల్లారి ఐదున్నర. కావలి దాటినాక
తుమ్మలపెంట రోడ్డు.
ముందు అది. వెనక ఆటోలో నేను, ఫస్టు గేరులో.
చేపల గంపలోళ్లు చెయ్యెత్తినా ఆపలా.
రొయ్యల గుంతల్లో ఏరేటర్లు
నీళ్లకి ఊపిరి కొడతా ఉండాయి.

మొదటిరోజు కల్వర్టు దాకా.
తొమ్మిదోరోజూ కల్వర్టే.
పదోరోజు రానని ముసుగు తన్నింది.
మధ్యలో అవ్వ దాచిన లడ్లు దొరికితే
డబ్బా ఖాళీ చేసింది.
ఎవురం అరవలా.
అవ్వే, డబ్బా కడిగి, కొర్రలు పోసి పెట్టింది,
"మా చిన్నప్పుడు ఇదే గదా తినింది" అని
ఎవురూ అడక్కుండానే గొణుగుతా.

ఒకనాడు కల్వర్టు మీద
వెనక్కి తిరిగి నిలబడింది.
"నాయనా, ఇంజనాపు.
నీ బండి పొగంతా నాకే. దిగి రా."

దిగినా.
ఇరవై రెండేళ్లు సీటుకి అంటుకుపోయిన మోకాళ్లు.
వంద గజాలకే నాకు నోరు తెరుచుకుంది.
అది ఆగి, నడుం మీద చేతులేసుకుని,
అచ్చం ఆ డాక్టరమ్మలాగా:
"మాట్లాడగలవా?"
"ఆఁ..."
"అయితే నడువు."

కాటా మిషను ఇంకా పెద్దగా ఏం ఒప్పుకోలా.
రెండు కిలోలు, అంతే.
మాత్రలు మాత్రలే, చెకప్పు చెకప్పే.

నిన్న సాయంత్రం బడి నించి వచ్చింది.
చెప్పులు చేతిలో ఉండాయి.
మోకాళ్ల దాకా మట్టి.

కాళ్లు కడుక్కోమని
చెప్పబుద్ధి కాలా.