తరుగు

నేను దడవాయిని.
ముప్పై ఒక్క మిరప సీజన్లు
గుంటూరు యార్డులో కాటా పక్కన నిలబడ్డవాణ్ణి.
టిక్కీకి ఇంత తరుగని పెన్సిలుతో రాయడం నా పని.
ఎందుకని అడిగిన రైతుకి
గోతం బరువనో తేమ బరువనో చెప్పడం కూడా.
పెన్సిలుకి వెనక రబ్బరుంటుంది.
ఆ ఏళ్ల గురించి అంతకు మించి చెప్పను.

నాగుల్‌మీరా తుమ్ముతూ వచ్చాడు.
యార్డుకి కొత్తవాడెవడైనా తుమ్ముతాడు,
వీడు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య
చెరపలేని చిట్టా సంగతి చెప్పాడు:
ప్రతి పుటా తన ముందు పుట వేలిముద్ర మోస్తుందట,
ఎక్కడో ఒక్క అంకె దిద్దితే
తర్వాతి పుటలన్నీ
"ఇది మా ఇంటిపేరు కాదు" అంటాయట.
"ఎవరి దగ్గరుంటుంది?"
"అందరి దగ్గరా."
"మరి తాళం?"
"తాళం లేదు బాబాయ్. దాచిందేమీ లేదుగా."

బ్రాడీపేట, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
జిరాక్సు షాపు మీద రేకుల గది.
పగలు ట్యూషన్లో లెక్కలు చెప్పి
రాత్రి కెజియా కోడు రాసేది,
కాళ్లు తడిగుడ్డలో చుట్టుకుని.
ఆ చిట్టాకి మొదటి పెట్టుబడి
నాగుల్‌మీరా వాళ్లమ్మ పాడిన చీటీ, లక్షా అరవై.
రెండోది నాది, నలభై వేలు.
మూడోది బెజవాడ నుంచి రావాలి.

బెంజి సర్కిల్ దగ్గర ఏసీ హోటలు.
ఇడ్లీ ముట్టుకోకుండా విన్నాడాయన.
కాటా గురించి అడగలేదు, రైతు గురించి అడగలేదు.
"నాణెం పేరేంటి?" అన్నాడు.
నాణెం లేదు సార్, రసీదే.
"రసీదుకెవడిస్తాడయ్యా డబ్బు?"
చట్నీ మరక పక్కన, టిష్యూ కాగితం మీద
అప్పటికప్పుడు పుట్టింది 'ఘాటు'.
కోటి నాణేలు. పుట్టకముందే వాటాలు.
నలభై లక్షలకి నలభై వంతులు ఆయనవి.
తిరుగు బస్సులో కెజియా
కృష్ణ మీద వంతెన దాటేదాకా మాట్లాడలేదు.

రూపాయి పావలా దగ్గర మొదలైంది ఘాటు,
ఆషాఢానికి పద్నాలుగు.
హమాలీలు టిక్కీ దించి ఫోను చూసేవాళ్లు,
ఫోను చూసి టిక్కీ ఎత్తేవాళ్లు.
మిరపకాయ తొడిమ ఎటుంటుందో తెలియనివాళ్లు
ఎక్కడెక్కడి నుంచో ఘాటు కొన్నారు.
కోల్డ్ స్టోరేజిలో తేజ రకం చల్లగా నిద్రపోతుంటే
దాని నీడ వేలంలో ఎగిరెగిరి పలికింది.

ఒక బుధవారం రాత్రి బెజవాడాయన
తన నలభై వంతులూ దులిపేసుకున్నాడు.
తెల్లారి చూస్తే ఆరు పైసలు.
ఎర్రగా ఆరబోసిందంతా తాలు.
నాగుల్‌మీరా ఇంటి తలుపు మీద
ఎవరో బొగ్గుతో ఒక మాట రాశారు.
వాళ్లమ్మ కడిగింది. బొగ్గు పోతుంది.

నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

నాణెం లేని రోజుల్లో, పరీక్ష కోసం
ఆ చిట్టాలో మొదటి కాటా నేనే ఎక్కించాను.
ఫిరంగిపురం చిలకమ్మ, నలభై ఒక్క టిక్కీలు,
తరుగు కిలో చొప్పున తీయాలి.
వేలు దానంతటదే రెండు నొక్కింది.
ముప్పై ఏళ్ల వేలు.
సరేనా అని అడిగింది యంత్రం.
సరే అన్నాను.

ఇప్పుడా చిట్టా మూడు యంత్రాల్లో బతికుంది.
ఒకటి నా మంచం కింద.
"ఏం పొదుగుతోందది?" అంటుంది మా ఆవిడ
కరెంటు బిల్లొచ్చినప్పుడల్లా.
కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు,
మొదటి పుటలో నా పేరు, రెండు అనే అంకె,
దాని మీద బరువుగా ఇన్ని వేల పుటలు.
దిద్దడం కుదరదంది కెజియా.
"కింద ఇంకో వరస రాయచ్చు."

నలభై ఒక్క కిలోలు, ఆనాటి ధర నూట ఎనభై.
ఏడు వేల మూడొందల ఎనభై పట్టుకుని
ఫిరంగిపురం బస్సెక్కాను.
కళ్లంలో కాయలేరుతున్న చిలకమ్మ
కథంతా వింది, చేతులు చెంగుకి తుడుచుకుంది,
నోట్లు ఒక్కొక్కటే రెండుసార్లు లెక్కపెట్టింది.
లెక్క సరిపోయాక నన్ను తేరిపార చూసి
"దీన్లో తరుగెంత తీశావ్?" అంది.