యాస అరువిచ్చినదాన్ని

నువ్వొచ్చిన రోజు
నాలుగో మంచం బొక్‌సిల్ అవ్వకి
పక్క మారుస్తున్నాను,
ఎడమ నుంచి కుడికి.
రెండు గంటలకోసారి మార్చకపోతే
నడుము కింద చర్మం మగ్గిన పండులా చిట్లుతుంది.
నువ్వు తలుపు దగ్గరే ఆగిపోయావు,
మూతికి మాస్కు, చేతిలో జ్యూసు సీసాల పెట్టె.
"అక్కా, మీ యాస నాకు కొంచెం కావాలి."

ఉప్పడిగినట్టు అడిగావు.

దానికేముంది,
తూమన్ నది ఈ గట్టు మీంచి ఆ గట్టుకి కేకేస్తే
దానంతటదే వచ్చేది.
మాట చివర గాలిపటంలా పైకి లేస్తుంది మాకు.
మీ సియోల్ మాట
మెట్లు దిగినట్టు దిగుతుంది.
కవర్లో యాభై వేల వన్‌లు పెట్టిచ్చావు.
ఫోను నా దిండు మీద పెట్టావు.

పదకొండేళ్ల తర్వాత ఒక మనిషి
నన్ను మాట్లాడమంది. ఆపుకోలేకపోయాను.
పగలు పేషెంటు మంచం కిందకి తోసేసే
నా మడత పడక సంగతి చెప్పాను.
రోజంతా డ్యూటీ అయినప్పుడు
నిద్రని ఏ పద్దులో రాయాలో తెలియదన్నాను.
నా పేరు చెప్పాను: రియొన్‌హ్వా. తామరపువ్వు.
ఇక్కడ ముందున్న ఆ 'ర' పలకరు,
ఇంచన్‌లో విమానం దిగగానే రాలిపోయింది.
యొన్‌హ్వానయ్యాను.
తర్వాత అదీ పోయి
నాలుగో మంచం పిన్నినయ్యాను.

నీ కళ్లు తడిశాయి. అబద్ధమెందుకు, చూశాను.
"ఇప్పుడు కోపంగా అనండక్కా:
బిడ్డనివ్వను, దగ్గరికొస్తే చంపేస్తా."
అవ్వ గొంతులో కఫం తీస్తూ అన్నాను.
మళ్లీ అనమన్నావు.
మూడోసారికి నా గొంతు
నాకే భయమేసింది.

నవంబరులో సీరియల్ వచ్చింది.
ఆరు మంచాలకి ఒకటే టీవీ.
నా పూల లాగు, నా ఉంగరాల జుట్టు,
యజమాని బిడ్డని దుప్పట్లో చుట్టుకుని
బస్టాండులో పరుగెత్తావు నువ్వు.
గాలిపటం ఎగిరింది. అచ్చం నేనే.
రెండో మంచం వాళ్ల కూతురు
చూసీచూడనట్టు
పర్సుని ఒళ్లోకి లాక్కుంది.

తమ్ముడికి ఫోను చేస్తే నవ్వాడు.
సిహుంగ్‌లో అల్యూమినియం కరిగిస్తాడు,
చేపని కోయడం కూడా చేతకాదు వాడికి.
"సినిమాల్లో మాకెప్పుడూ కత్తే ఇస్తారు,
నీకు బిడ్డనిచ్చారు, నయం కదే."
నిజమే.
బెడ్‌పాన్ కడిగే ఆడదాన్ని
టికెట్టు కొని ఎవరు చూస్తారు?
అందులో కథేముంది?

నీకు అవార్డొచ్చిందట.
నల్లగౌనులో నిలబడి
ఆ యాస కోసం చాలా కష్టపడ్డానన్నావు.
నీ మాట మెల్లగా మెట్లు దిగింది.

కోపం లేదనను.
మాప్‌తో పాటు పిండి ఆరేస్తాను రోజూ, ఆరదు.

కానీ చెల్లీ, ఆ రాత్రి సంగతొకటి నీకు తెలియదు.
నువ్వు పరుగెడుతుంటే
ఎనిమిది నెలలుగా నోరు విప్పని అవ్వ
తలెత్తి కేకేసింది:
"మా ఊరి పిల్లే! ఓడ కదిలిపోతోంది, తొందరగా రమ్మను!
బిడ్డకి చలి, తల కప్పమను!"
నా యాస. అక్షరాలా నా యాస.
డెబ్బై ఏళ్లు సియోల్ మాట కింద
అణిచిపెట్టుకున్నది.

పక్కనున్న కొడుకు, తనకీ జుట్టు నెరిసింది,
"అమ్మా, మనది సియోల్ కదా" అని
నావైపు చూశాడు,
నేనే నేర్పానేమో అన్నట్టు.

హుంగ్‌నమ్ రేవులో, ఏ మంచులో,
ఎవరి వీపు మీద వచ్చిందో
ఆవిడకే తెలియాలి.
"ఎక్కేసిందిలే అవ్వా" అన్నాను, మా మాటలో.
"బిడ్డ?"
"బిడ్డ కూడా."

తొమ్మిదైంది.
కుడి నుంచి ఎడమకి
పక్క మార్చాను.