గూడెప్పాడ్ కాడ తనిఖీ

తెల్లారుజామున గూడెప్పాడ్ క్రాస్‌రోడ్డు కాడ
టార్చిలైటు మా బండి నొసటి మీద కొట్టి
"పక్కకు పెట్టు" అన్నది.
మదార్ బ్రేకు తొక్కిండు.
గిన్నెలు ముందుకొచ్చినయి,
ఉయ్యాల ముందుకొచ్చి మళ్ల ఎనకకు వోయింది,
పిల్ల మాత్రం లేవలే.

డీసీఎం అది. ఆర్సీల సామాన్ల బండి.
అట్లని లోపల సామాన్లే ఉంటయా?
ఒకపక్క దూది ఏకే మిషను, దాని ఇంజను.
ఇంకోపక్క నేను, పొయ్యి, పప్పుడబ్బా,
అంచు పగిలిన అద్దం,
పీర్ల పండుగకు కట్టిన దట్టీ పీలిక.

సారు మెట్టెక్కి తొంగిచూసిండు.
"ఇది బండా, ఇల్లా?"
ఏం చెప్పినా జుర్మానే.
బండి అంటే, పొయ్యెందుకున్నది?
ఇల్లంటే, చక్రాలెందుకున్నయి?
"నడిస్తే బండి, ఆగితే ఇల్లు సార్" అన్నడు మదార్.
హోంగార్డు కొమురెల్లి నవ్వబోయి
టోపీ సర్దుకున్నడు.

మా బండికి రెండు కడుపులు.
ఒకటి రోడ్డు మీద ఉరికేటిది,
దానికి బంకు డీజిలు, చుక్కచుక్కకు పన్ను కట్టింది.
ఒకటి నిలవడి తిరిగేటిది,
దానికి రేషను కిరసనాయిలు, నీలిరంగుది.
కార్డు మాది కాదు, వర్ధన్నపేట అత్తది.
అదీ పొయ్యికని ఇచ్చిందే, ఇంజనుకు కాదు,
ఆ సంగతి ఇప్పుడెందుకు.
దొంగను దొరకబట్టెతందుకే సర్కారు ఆ రంగు కలిపింది.
దాన్ది దీంట్ల పోయొద్దు. మాకెరికే.

సారు ట్యాంకులకు పైపు దించి తీసిండు.
చీకట్ల రంగు తెలుస్తలేదు.
"తెల్లగుడ్డ ఏమన్న ఉన్నదా?"
తెల్లదానికి మాకేం కొదువ!
ఎనుమాముల దూది, నిన్ననే ఏకింది,
పిడికెడు నేనే తీసిచ్చిన.
ఇచ్చినంక యాదికొచ్చింది.

మూడు దినాల కింద, ములుగు అవతల, వాన.
పిల్ల ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది.
ముల్లు సున్నా మీద పండుకున్నది.
బంకుల దీపాలార్పిన్రు.
నేనే ఆ ఇంజను కడుపొంచి
రెండు లీటర్లు ఈ కడుపుల పోసిన.
మదార్ వద్దనలే, సరే అనలే,
టార్చి పట్టిండు.
బండి దగ్గుకుంట, పొగ కక్కుకుంట
ఎంజీఎం గేటు దాకా తెచ్చింది.

నా చేతులకెంచి తెల్లగ వోయిన దూది
సారు చేతుల లేతనీలం తేలింది,
బడి అంగీకి నీలిమందు పెట్టినంత.
ఆయన చూసిండు. నేనూ చూసిన.
"ఎవరు పోసిన్రు?"
"నేనే."
ఎందుకని ఆయన అడగలే.
నేను చెప్పలే, చెప్తే అడుక్కున్నట్టుంటది.
పిల్ల చేతికి సూదిపట్టీ ఇంకా ఉండె.
టార్చి ఆడ కొంచెంసేపు నిలవడ్డది.

జుర్మానా తప్పలే. ఐదు వందలు.
నాకు కోపం రాలే.
ఎవరింట్ల దీపానికి వోవాల్సిందో,
మేం చక్రాలకు తాగించినం.

రసీదు రాసుకుంట కలమాపిండు.
"పర్మనెంటు అడ్రసు?"
మదార్ వర్ధన్నపేట అన్నడు, నేను పరకాల అన్న.
ఒకటి వాళ్ల నాయిన గోరీ ఉన్న ఊరు,
ఒకటి మేం పొద్దుగూకేసరికి చేరే ఊరు.
సారు రెండూ రాయలే.
కిందికి దిగి, ముందటికి వోయి,
వంగి మట్టి తుడిచి,
నంబరు ప్లేటు చూసుకుంట ఆ గడి నింపిండు.

వాళ్ల జీపు పోయినంక
కొమురెల్లి మెడ పట్టుకొని నిలవడ్డడు.
చిన్న మెత్త ఒకటి కుట్టియ్యాలెనట, పైసలిస్తడట.
కూసోమన్న. పొయ్యి దించిన.
బానెట్ మీద సారు మరిచిపోయిన దూది ఉండె.
దాన్నే ఒత్తి చేసి ముట్టిచ్చిన.
నీలంగ మండుతదేమో అని చూసిన.
మంట మామూలుగనే ఉన్నది.
చాయ పొంగింది.