టీ తాగని మంత్రగత్తె

ఆరూ నలభై బండికి ముందే
టికెట్ కిటికీ పక్కన తెల్లబోర్డు మీద
ఎరల్ పినక్ ఒక చిక్కుముడి రాసిపెట్టేవాడు.

"రాజుగారికి కోపమొచ్చింది."
కింగ్స్ క్రాస్! అని అరిచాడు చేపల కొట్టు క్లైవ్,
కోటు బొత్తాలైనా పెట్టుకోకుండానే.
"నీళ్లు, ఆ వెంటనే పాయిఖానా."
వాటర్లూ అని పైకి అనలేక
మిసెస్ థ్రెల్‌ఫాల్ నా చెవిలో ఊదింది.
"చూడ్డానికి చదువే, నోట్లోకొస్తే ఎర్రబడుతుంది."
రెడింగ్ తట్టేసరికి నాకు మూడు స్టేషన్లు దాటిపోయాయి.

గెలిస్తే ఏమొస్తుంది?
టికెట్ మూల మీద అతని పెన్సిల్ చుక్క.
నా పర్సులో ఇప్పటికీ నాలుగున్నాయి.

మార్చి ఆఖరి శుక్రవారం.
సోమవారం నుంచి మిషనేనట, మనిషి అక్కర్లేదట.
బోర్డు మీద మాత్రం ఎప్పట్లాగే:
"ఇసుక పక్కన మంత్రగత్తె. టీ తాగలేదు."
బ్రైటన్, అన్నాడు క్లైవ్.
మార్గేట్, ఇసుకుందిగా, అన్నారింకెవరో.
ఎరల్ తల అడ్డంగా ఊపి
కళ్లు ఒక్కసారి పైకెత్తి దించాడు.
ఈలోగా బండొచ్చేసింది.

రాత్రి తిరుగుబండిలో
ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో
శాండ్ రాశాను, విచ్ రాశాను, ఇంగ్లీషులో,
మంత్రగత్తె నడుమ నుంచి ఒక్క 'టీ' చెరిపాను.
తలుపులు తెరుచుకున్నాయి.
తలెత్తితే
పదకొండేళ్లుగా నేను ఎక్కి దిగుతున్న పేరు:
శాండ్‌విచ్.

కిటికీకి రేకు దించేశారు.
తెల్లబోర్డు తుడిచినవాళ్లెవరో సరిగ్గా తుడవలేదు,
చివర టీ తాగలేదు అన్నది ఇంకా కనిపిస్తోంది.
నా సంచిలో ఫ్లాస్కు,
రోజూలాగే
ఒకే ఒక్క కప్పుతో.