మూరన్నర, పైన బెత్తెడు

నిజాంపట్నం నుంచి ఐసు పెట్టెలు
నాలుగున్నరకి దిగుతాయి.
ఐదింటికి నేను దిగుతాను,
చేతిలో దర్జీ టేపు, చంకలో అట్ట చిరిగిన పుస్తకం.
గుంటూరు ఇంకా మిరపఘాటులోనే
అటు తిరిగి పడుకుని ఉంటుంది.

పండుగప్పని కొనే తాహతు నా స్కాలర్‌షిప్‌కి లేదు.
అది ఆర్నెల్లకోసారి వచ్చి, వచ్చినపూటే పోయే చుట్టం.
అందుకని సైదమ్మతో ఒప్పందం:
ఎవరో కొన్న చేప
కత్తిపీట మీదికి పోయే ముందు ఒక నిమిషం నాది,
పొట్ట చీరాక ఇంకో అర నిమిషం.
కిరాయి ఒక అల్లం టీ.

మూతి కొస నుంచి తోక మొదలు దాకా ఒక కొలత,
తోక చివరి దాకా ఇంకొకటి.
కన్ను వెడల్పు.
వీపు ముల్లు గుచ్చుకోకుండా ఒంటి ఎత్తు
(గుచ్చుకుంటుంది).
రెక్క వెనక నుంచి ఒక పొలుసు, కాగితంలో మడిచి.
దాని మీద గీతలు లెక్కపెడితే వయసు తెలుస్తుందంటారు.
మన సముద్రానికి చలికాలమే సరిగ్గా రాదు,
గీతలూ అంతే,
ఉన్నాయంటే ఉన్నాయి.

సైదమ్మకి టేపు అక్కర్లేదు.
చేప పక్కన మోచెయ్యి ఆనిస్తుంది.
"మూరెడు లోపు మగదే.
రెండు మూరలు దాటితే ఆడదే.
మధ్యలోది చీరితే గానీ చెప్పలేం తల్లీ."
మా గైడు మూడు పేజీల్లో చెప్పిందీ ఇదే,
గ్రాఫుతో.

మగదిగానే పెరుగుతుంది పండుగప్ప.
మూడేళ్లో నాలుగేళ్లో
ఏటి మొగల్లో మగతనం వెలగబెట్టి
ఆపైన ఆడదవుతుంది.
ఎవరి సంతకమూ అడగదు.
నా పుస్తకంలో మాత్రం
స్కేలు పెట్టి గీసిన గడులు రెండే.

ఈ మంగళవారం ఒకటి వచ్చింది.
డెబ్బై నాలుగు సెంటీమీటర్లు, ఐదు కిలోల రెండొందలు.
"మూరన్నర, పైన బెత్తెడు" అంది సైదమ్మ.
కొన్నాయన హెల్మెట్ తియ్యలేదు.
చుట్టాలు రైలు దిగేశారట.

చీరింది.
వెన్ను కింద రెండు పాయలు.
మీగడలా తెల్లగా కొంత,
ఆ తెలుపులోంచే లేత గులాబీగా ఇంకొంత,
గుడ్లనడానికి లేదు,
నీళ్లు చల్లిన గోధుమరవ్వ
ఉబ్బాలా వద్దా అని ఆగినట్టు.
వంగి చూశాను, నా నీడే అడ్డం పడింది.
సైదమ్మ రక్తపు చేత్తో నా తల పక్కకి నెట్టింది,
బల్బు వెలుతురు పడేలా.

"గుడ్లున్నాయా?" హెల్మెట్‌లోంచి.
"ఇంకో ఏడాది బతికుంటే ఉండేయి."
"అంటే మగదా?"
"మొన్నటిదాకా."
ఆయన నవ్వలేదు.
తల వేరే కట్టమన్నాడు, పులుసుకి.

ఆ పాయలు ఎలాగూ కాకులకి పోయేవే.
సీసాలో వేసుకున్నాను.
వరస సంఖ్య రెండొందల పన్నెండు.
పొడవు రాశాను, బరువు రాశాను,
తర్వాత పెన్ను గడుల మధ్య గీత మీద నిలబడింది.

కత్తిపీట కడుగుతూ సైదమ్మ, నాతో కాదు, నీళ్లతో అంటున్నట్టు:
"పెద్దదానికే రేటు. పెద్దవన్నీ ఆడవే.
ఆడదయ్యేదాకా అక్కడ ఎవరు ఉండనిస్తున్నారు?"
బకెట్టు బోర్లించి నా వైపు తిరిగింది.
"ఇంకా రాస్తానే ఉన్నావా?
టీ ఏదీ?"