మిగిలినవి

కాశీనగర్ ఆసుపత్రిలో
మాత్రలు లెక్కపెట్టడం నా పని.
డబ్బా మూత తిప్పి, ట్రేలోకి ఒంపి,
ఐదేసి చొప్పున జరిపి
మిగిలినవెన్నో పుస్తకంలో రాస్తాను.
మిగిలితే మానేసినట్టు.
మానేస్తే మాటలుంటాయి.

దాలమ్మ డబ్బాలో మిగలవు.
ఏడేళ్ళుగా వంశధార అవతలి నుంచి వస్తుంది,
వరద నెలలో కూడా.
సంచిలో బియ్యం, బియ్యంలో డబ్బా,
కోడలికి తెలియకుండా.

పోయిన నెల డాక్టరమ్మ టార్చి వేసి
నోరు తెరవమంది.
అంగిలి మీద సున్నం కొట్టినట్టు తెలుపు,
మధ్యమధ్య ఎర్రటి చుక్కలు.
"ఛాడి దిఅ, మావుసీ."
నేను తెలుగు చెయ్యబోయాను.
"తెలిసినాదిలే బాబూ, ఒగ్గీమంతంది."

అడ్డచుట్ట.
నిప్పు లోపలికి. పెదాలు మూస్తే
ఊరికి బూడిద కూడా కనపడదు.
ఉడుపుల్లో వాన కొట్టినా ఆరదని
పదేళ్ళప్పుడు వాళ్ళమ్మ నేర్పిందట.
నోట్లో నిప్పుంచుకునే
నవ్వడం, తిట్టడం, బేరమాడటం వచ్చినామెకి
రెండో నిప్పును దాచడం
అంత కష్టం కాలేదేమో.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరిపి గొంతు తగ్గించింది.
హెచ్ఐవీని మాత్ర కట్టేసింది మావుసీ,
ఇప్పుడు నీ ఊపిరి తింటున్నది ఇదే.

నికోటిన్ బిళ్ళల కోసం జిల్లాకి కాగితం పెట్టాం.
కాగితం వెళ్ళింది.
అందాకా వేయించిన వాము పొట్లం కట్టిచ్చాను,
నాలుగు లవంగాలు,
చీటీ వెనక నా ఫోన్ నంబరు.

మూడుసార్లు మోగింది.
ఒకసారి రాత్రి పదకొండుకి.
"సుట్ట సేతిలో ఉంది బాబూ."
"మరి?"
"ఏటీ నేదు. సెప్దామని."
అటు కప్పలు అరుస్తున్నాయి.
చాలాసేపు ఇద్దరం విన్నాం.

ఇవాళ మూత తిప్పి ఒంపాను.
మాత్ర ఒక్కటీ లేదు.
ట్రేలో దొర్లినవి చుట్టలు.
కొన్నిటికి దారం కూడా విప్పలేదు,
ఒకటి సగం కాలి, నీళ్ళలో తడిసి, మళ్ళీ ఎండింది.

"లెక్కెట్టు బాబూ.
మాత్ర మిగిలితే తిడతారు గదా,
సుట్ట మిగిలితే ఏటంతారు?"

పుస్తకంలో దానికి గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను: పద్నాలుగు.
ఆమె సంచి సర్దుకుంటోంది,
కొత్త డబ్బా బియ్యంలోకి దిగిపోతోంది.

తలెత్తేసరికి
ట్రేలో పదమూడున్నాయి,
ఆ సగంది లేదు.
దారి దూరం. ఏటి మీద గాలి.

రాసింది చెరపలేదు.